దశమభాగం: ఇవ్వాల్సింది ఎవరు, అందుకోవాల్సింది ఎవరు?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం ‘దశమభాగమా, స్వచ్ఛంద కానుకా?’. క్రైస్తవ ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ వాదన కొత్త కాదు. సంపాదనలో పదోవంతు దేవుడిది, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం దొంగతనమని ఒక పక్షం. అది మోషే ధర్మశాస్త్రంలోని మాట, క్రీస్తు తర్వాత ఎవరికి తోచినంత వాళ్లు మనసారా ఇస్తే చాలని ఇంకో పక్షం. ఇద్దరి దగ్గరా వచనాలున్నాయి. యూట్యూబ్‌లో ఈ పంచాయితీ గంటల కొద్దీ నడుస్తోంది. దాన్ని తీర్చే ఉద్దేశం నాకు లేదు. నేను వేదాంత విద్యార్థిని కూడా కాదు. సమాజశాస్త్రం చదువుకుంటున్నవాడిగా నాకు వచ్చే సందేహం వేరు. పదోవంతు ఇమ్మన్న ధర్మశాస్త్రం ఎవరిని ఇమ్మంది? ఎవరికి ఇమ్మంది? ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని చదివితే, మన మాల, మాదిగ పల్లెల్లో ఆదివారం ఆదివారం జరుగుతున్నది తలకిందుల వ్యవహారమని నాకు అనిపించింది.

ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో మిరపకాయ కోతలకు వెళ్లే ఒక పెద్దమ్మతో మాట్లాడాను. సెంటు భూమి లేదు. ఆమె వెళ్లేది ఏ పెద్ద మిషన్‌కూ చెందిన చర్చి కాదు, పల్లె చివర రేకుల షెడ్డులో నడిచే స్వతంత్ర సంఘం. అక్కడ ప్రతి ఇంటికీ నెలకు నాలుగు కవర్లు ఇస్తారు. కూలి డబ్బులు చేతికి రాగానే పదోవంతు ముందు కవర్లో పెట్టాలి, ఉప్పూ పప్పూ తర్వాత. ఒక ఏడాది నడుము పట్టేసి నెల రోజులు మంచంలో ఉండిపోయింది. కవర్లో దాచిన డబ్బు తీసి మందులకు వాడుకుంది. కొన్నాళ్లకు మనవడికి డెంగ్యూ వచ్చింది. పిల్లవాడు బతికాడు. కానీ ఆమె నాతో అన్నది, ‘దేవుడి సొమ్ము తిన్నాం గదా బాబూ, ఊరికే పోద్దా?’ అని. నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఆ కవర్ల బాకీ కట్టేసింది.

ఆమె మీద జాలి పడమని ఇది చెప్పడం లేదు. ఆమె అమాయకురాలు కాదు. మేస్త్రీ కూలి లెక్కలో పది రూపాయలు తగ్గిస్తే ఊరుకునే మనిషి కాదు. అలాంటి మనిషిని ఈ ఒక్కచోట నోరెత్తకుండా చేసింది ఏమిటన్నదే నాకు కావాల్సిన విషయం.

చేసింది మలాకీ గ్రంథం మూడో అధ్యాయం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ అధ్యాయాన్ని మనకు చదివి వినిపించే పద్ధతి. దశమభాగం ఇవ్వనివాళ్లు దేవుణ్ణే దోచుకుంటున్నారని, శాపం కింద ఉన్నారని, తెచ్చి చూస్తే ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయని చెప్పే భాగం అది. ప్రసంగం ఎప్పుడూ ఎనిమిదో వచనం దగ్గర మొదలవుతుంది. మూడు వచనాలు వెనక్కి వెళ్లి ఐదో వచనం చదివిన ప్రసంగం నా చెవిన పడలేదు. దేవుడు తీర్పు తీర్చడానికి ఎవరి మీదికి వస్తున్నాడో అందులో ఉంది. మంత్రగాళ్లు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్లు. వాళ్ల పక్కనే కూలివాడి కూలి దగ్గర అన్యాయం చేసేవాళ్లు, వితంతువునూ తండ్రిలేని బిడ్డనూ నలిపేసేవాళ్లు, పరదేశికి న్యాయం దక్కనివ్వనివాళ్లు. అంతకుముందు అధ్యాయాల్లో గద్దింపు చాలావరకు యాజకుల మీదే. కుంటి జంతువులనూ గుడ్డి జంతువులనూ బలిపీఠం మీదికి తెస్తున్నారని వాళ్లను నిలదీస్తుంది ఆ గ్రంథం. అంటే కూలి ఎగ్గొట్టేవాణ్ణీ యాజకుణ్ణీ నిలబెట్టి అడిగిన గ్రంథంలోంచి నాలుగు వచనాలు కత్తిరించి, వాటిని కూలి చేసుకునే ఆమె మీదికి తిప్పుతున్నాం.

ఇక అసలు చట్టం. లేవీయకాండం 27లో గానీ, సంఖ్యాకాండం 18లో గానీ, ద్వితీయోపదేశకాండం 14లో గానీ పదోవంతు దేని మీద? భూమి పండించిన ధాన్యం మీద, ద్రాక్షరసం మీద, నూనె మీద, పశువుల మంద మీద. పొలమూ మందా ఉన్నవాడి మీద అన్నమాట. రోజుకూలి మీద పదోవంతు తీయమన్న మాట ఈ చట్టాల్లో లేదు. కూలివాడి గురించి చట్టం చెప్పింది వేరు. సూర్యుడు అస్తమించకముందే అతని కూలి అతనికి ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం 24 చెబుతుంది. మరి పదోవంతు ఎవరికి? లేవీయులకు. ఎందుకంటే పన్నెండు గోత్రాలకు భూమి పంచినప్పుడు వాళ్లకు వాటా రాలేదు. మూడేళ్లకోసారి ఆ పదోవంతు ఊళ్లోనే నిలవ చేసి, లేవీయులతో పాటు పరదేశులూ తండ్రిలేనివాళ్లూ వితంతువులూ తృప్తిగా తినేలా ఇవ్వాలి. ఒక్క మాటలో, భూమి ఉన్నవాడి దగ్గర్నుంచి భూమి లేనివాడికి.

ఆ చట్టంలోనే ఇంకో ముచ్చట ఉంది, ఏ పాస్టర్ గారూ చెప్పనిది. దూరం ఎక్కువైతే దశమభాగాన్ని డబ్బుగా మార్చుకుని, ఆరాధన స్థలానికి వెళ్లి, మనసుకు నచ్చింది కొనుక్కుని, కుటుంబమంతా దేవుడి ఎదుట తిని సంతోషించమంటుంది. కొనుక్కోదగిన వాటిలో ద్రాక్షరసం, మద్యం కూడా ఉన్నాయి. ఇది వినగానే మా పెద్దమ్మ పడీపడీ నవ్వింది.

పరిగె మాట కూడా చెప్పాలి. పొలం మూలలు కోయొద్దు, రాలిన వెన్నులు ఏరొద్దు, అవి పేదలవి అంటుంది లేవీయకాండం 19. రూతు బోయజు పొలంలో పరిగె ఏరుకున్నది ఈ హక్కుతోనే. మన అమ్మమ్మలకు ‘పరిగె’ అన్న మాటకు అర్థం బైబిల్ నిఘంటువు చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. ఆసామి కళ్లెర్రజేస్తుంటే వరి మళ్లలో, వేరుశెనగ చేలలో వంగి ఏరుకున్నవాళ్లే వాళ్లు. కాబట్టి మోషే చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసినా మన పల్లె నిలబడాల్సింది ఇచ్చేవాళ్ల వరసలో కాదు, అందుకునేవాళ్ల వరసలో.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ధర్మశాస్త్రం రాకముందే అబ్రాహాము మెల్కీసెదెకుకు పదోవంతు ఇచ్చాడు, యాకోబు తనకు వచ్చే అంతటిలోనూ ఇస్తానని మొక్కుకున్నాడు, యేసు కూడా మత్తయి 23లో పుదీనా, జీలకర్రల పదోవంతును కాదనలేదు అంటారు. నిజమే. అయితే అబ్రాహాము ఇచ్చింది యుద్ధంలో దొరికిన కొల్లసొమ్ములో. యేసు ఆ మాట అన్నది కూడా, పెరటి మొక్కల దగ్గర లెక్క తప్పని పెద్దలు న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేశారని తిట్టిన సందర్భంలో. పదోవంతుకు బైబిల్లోనే ఇంకో ముఖం కూడా ఉంది. రాజు కావాలని జనం అడిగితే, వాడు మీ పంటలో పదోవంతు, మందలో పదోవంతు పట్టుకుపోతాడని సమూయేలు హెచ్చరించాడు. పదోవంతు అన్న అంకెలో పవిత్రత లేదు. అది ఎటు నుంచి ఎటు వెళ్తోందో దాన్ని బట్టే అది పంపకమో, పన్నో అవుతుంది.

యూరప్‌లో అది పన్నే అయింది. 585లో మాకోన్ మండలి ఇవ్వనివాళ్లను వెలివేస్తామంది. ఎనిమిదో శతాబ్దంలో షార్లమేన్ దాన్ని రాజ్యశాసనం చేశాడు. 1830లలో ఐర్లండ్‌లో కాథలిక్ రైతులు తమది కాని ఆంగ్లికన్ చర్చికి దశమభాగం కట్టలేక తిరగబడ్డారు, రక్తం పారింది. ఫ్రాన్స్‌లో 1789 ఆగస్టులో విప్లవం మొదట కొట్టేసినవాటిలో ఇదొకటి. ఇంగ్లండ్‌లో ఆ ముడి 1936 చట్టంతో విడింది. వీటిని ఇంతటితో వదిలేస్తున్నాను. మన దగ్గరికి వచ్చిన మిషనరీల దేశాల్లో రైతులు దేనికి వ్యతిరేకంగా పోరాడారో గుర్తుంటే చాలు.

తొలి సంఘంలో ఈ నిర్బంధం కనబడదు. రెండో శతాబ్దంలో జస్టిన్, ఆ తర్వాత తెర్తుల్లియన్ రాసినదాన్ని బట్టి స్తోమత ఉన్నవాళ్లు తమకు తోచినంత ఇచ్చేవాళ్లు. ఆ డబ్బు అనాథలకూ రోగులకూ ఖైదీలకూ వెళ్లేది. డిడాకే అనే పాత బోధల పుస్తకం ఇంకా మొహమాటం లేనిది. ఆత్మ వశమై మాట్లాడుతున్నానంటూ తనకోసం డబ్బు అడిగేవాడు అబద్ధ ప్రవక్త అంటుంది. ఈ కొలతతో మన టీవీ ‘విత్తన కానుక’ ప్రసంగాలను కొలిస్తే ఎన్ని ఛానళ్లు మిగులుతాయో మీరే లెక్క వేసుకోండి. పౌలు యెరూషలేము పేదల కోసం చందా ఎత్తినప్పుడు కొరింథీయులకు రాసిన లేఖలో చెప్పిన కారణం సమానత. ఒకరి సమృద్ధి ఇంకొకరి లేమికి సరిపోవాలని. ఆ డబ్బు తానొక్కడే మోసుకెళ్లకుండా, ఎవరూ వేలెత్తి చూపకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనిషిని తోడు పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఆడిటర్ని పెట్టుకున్నాడు.

అయితే స్వచ్ఛంద కానుక అనగానే సమస్య తీరిపోయిందనుకోను. ఇక్కడ మన చరిత్రలోకి రావాలి.

1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. అయినా మనకు ‘బియ్యం క్రైస్తవులు’ అన్న ముద్ర తప్పలేదు. ఇప్పటికీ తప్పలేదు. అలా ముద్ర పడినవాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో చూడండి. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్లేది. కోత పండుగకు గుమ్మడికాయ, కోడిపెట్ట, గంపెడు జొన్నలు వెళ్లేవి, అక్కడే వేలం వేసేవాళ్లు. మా అమ్మమ్మ ఇంట్లో ఆ పిడికెడు బియ్యం కుండ నేను చూశాను. మిజోరంలో కూడా ఇలాంటిదే ఉంది. 1910 ప్రాంతంలో మొదలైన ‘బుహ్‌ఫై థం’, అంటే పిడికెడు బియ్యమే. అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చిని బయటి డబ్బు లేకుండా నిలబెట్టినవాటిలో ఆ ఆడవాళ్ల పిడికిలి ఒకటి.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, 1912లో భారతదేశపు మొదటి స్వదేశీ ఆంగ్లికన్ బిషప్ అయిన మనిషి, క్రైస్తవ దానం మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. ఆయన మేత్రాసనంలో సభ్యులు ఎక్కువగా మాల మాదిగలే. పేదవాడు కాబట్టి ఇవ్వనక్కర్లేదన్న జాలి ఆయనకు నచ్చలేదు. నాకు ఈ వాదనతో చాలాకాలం పేచీ ఉండేది. ఇప్పుడు అంత గట్టిగా లేదు. కళ్లం దగ్గర నిలబడి తమ మేర కోసం చేట పట్టాల్సి వచ్చిన మనుషులు, ఊరి చాకిరీ అంతా చేసి ‘పెట్టినంత తీసుకో’ అనిపించుకున్న మనుషులు, మొదటిసారి తామే ఇచ్చేవాళ్లయ్యారు. అందులో ఉన్న ఆత్మగౌరవాన్ని కాదంటే ఆ ఆడవాళ్లను చిన్నబుచ్చినట్టే. ఇవ్వడం వద్దనడం నా వాదన కాదు.

పిడికెడు బియ్యానికీ పెద్దమ్మ కవరుకూ తేడా ఎక్కడుంది? పిడికిలి ఆమెది. ఎసట్లో బియ్యం తగ్గిన రోజు పిడికిలి చిన్నదవుతుంది, లేనిరోజు లేదు, శాపం లేదు. పదిశాతం కవరు అలా కాదు. లక్ష జీతం వచ్చే ఉద్యోగి పదివేలు ఇస్తే తొంభైవేలు మిగులుతాయి. రోజుకు మూడొందల చొప్పున నెలలో పదిహేను రోజులు పని దొరికిందనుకుందాం. నాలుగు వేల ఐదొందలు. అందులో నాలుగొందల యాభై తీస్తే పోయేది మందుబిళ్ల, బడి పుస్తకం. లెక్క ఒకటే, కోత ఒకటి కాదు. మార్కు సువార్త 12లో రెండు కాసులు వేసిన పేద వితంతువు కథను కానుకల పూట తప్పకుండా చెబుతారు. దానికి ముందు వచనం వితంతువుల ఇళ్లు మింగే శాస్త్రుల గురించి. తర్వాతి అధ్యాయం మొదట్లోనే ఆ దేవాలయం రాయి మీద రాయి నిలవదన్న మాట. మధ్యలో నిలబడిన ఆమె మనకు ఆదర్శమా, ఆ వ్యవస్థ మీద సాక్ష్యమా? రెండూ కావచ్చు. రెండోది మాత్రం మనకు చెప్పరు.

పాస్టర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. రేకుల షెడ్డు పాస్టర్ కూడా మన పల్లెవాడే. జీతం లేదు, పింఛను లేదు. సోమవారం నుంచి శనివారం దాకా ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్లో, చావింట్లో తోడుండేది ఆయనే. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తే, తీసుకున్నవాళ్ల కులపత్రాల మీద ఫిర్యాదులు వెళ్లాయి. కవర్లు ఆగితే ఆయన ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఇంకోవైపు పెద్ద మిషన్ల నుంచి వారసత్వంగా వచ్చిన స్థలాల లీజుల మీద, అమ్మకాల మీద ఏళ్ల తరబడి కేసులు నడుస్తున్నాయి. అక్కడి అద్దెల్లో ఒక్క పైసా ఈ షెడ్డు దాకా రాదు. ఆస్తి ఉన్న చర్చి లెక్క చెప్పదు, ఆస్తి లేని చర్చి కూలిడబ్బు మీద బతుకుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

బాబాసాహెబ్ ‘మతం మారినవాడి స్థితి’ మీద రాసిన వ్యాసంలో దీని మూలం పట్టుకున్నారు. భారత క్రైస్తవుల్లో అధికులు అంటరాని కులాలవాళ్లు కాగా, మిషన్ల చదువూ వైద్యమూ ఎక్కువగా అందింది పైకులాల హిందువులకని ఆయన విమర్శ. సొమ్ము ఎటు పోతోందన్న ప్రశ్నే అది. అదే బాబాసాహెబ్ 1956 అక్టోబరు 15న, దీక్ష మర్నాడు నాగపూర్‌లో, ధమ్మ కార్యానికి ప్రతి ఒక్కరూ సంపాదనలో కనీసం ఇరవయ్యో వంతు ఇవ్వాలని నిర్ణయించుకోమని అడిగారు. ఎదుట కూర్చున్నవాళ్లలో చాలామంది నిరుపేదలు. కాబట్టి ‘చర్చివాళ్లే పేదల్ని అడుగుతారు’ అని మనం పక్కకు తప్పుకోలేం. ఆయన అడగడంలో శాపం లేదు, నీ బిడ్డకు జ్వరం వస్తుందన్న బెదిరింపు లేదు. తర్వాత కాన్షీరాం గారు 1978లో బాంసెఫ్ పెట్టినప్పుడు సమాజానికి తిరిగి ఇవ్వమని అడిగింది కూలీలను కాదు, రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చినవాళ్లను. ద్వితీయోపదేశకాండం నడిపిన దారి కూడా అదే, కలిగినవాడి నుంచి లేనివాడికి. దళిత వేదాంతానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన అరవింద్ నిర్మల్ ఆ గ్రంథం 26వ అధ్యాయంలోని ఒప్పుకోలును ఆధారం చేసుకున్నారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు తమ పూర్వీకుల కష్టాన్ని చెప్పుకునే చోటు అది. వెంటనే వచ్చేది మూడో ఏటి దశమభాగం, పరదేశికీ తండ్రిలేనివాడికీ వితంతువుకూ. మన సెమినార్లలో మొదటి సగమే మాట్లాడుకుంటున్నాం.

ఆచరణలో ఏం చేయాలంటే, మూడు విషయాల దగ్గర నాకు అనుమానం లేదు. కూలి మీద బతికే ఇంటి నుంచి శాతం లెక్కన వసూలు ఆపాలి, పిడికిలి వాళ్లకే వదిలేయాలి. వచ్చినదాంట్లో ఒక భాగం ఆ పల్లెలోనే రోగానికీ చదువుకూ తిరిగి వెళ్లాలి. ప్రతినెలా జమాఖర్చు సంఘం ముందు చదవాలి. ఈ మూడోది తేలికనుకున్నాను. అది తేలిక కాదని ప్రకాశం జిల్లాలో ఒక సంఘం నాకు నేర్పింది.

అక్కడ కోశాధికారి ఒక బడి పంతులు. రసీదు పుస్తకం వేయించాడు. నెల చివర లెక్క కాగితం గోడకు అంటిస్తాడు. పైసా తేడా రాదు. కానీ రసీదుల్లో సగానికి పైగా పేర్లు లేవు. నేను అడిగితే ఆయన తలుపు దగ్గరికి వేసి చెప్పాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధేతరులు ఎస్సీలు కారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, మనల్ని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు ఇక్కడ ఉన్నది బీసీ-సీ, ఒక్క శాతం. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు ఎస్సీ పత్రం నిరాకరించినప్పుడు బాప్తిస్మాన్నీ, క్రమంగా చర్చికి వెళ్లడాన్నీ లెక్కలోకి తీసుకుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును, మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. ఇలాంటి కాలంలో చర్చి రసీదు మీద పేరంటే ఏమిటో ఆ పంతులు గారికి నాకంటే బాగా తెలుసు.

నెలనెలా వంద రూపాయలు తప్పకుండా ఇచ్చే ఒకామె కొడుకు అప్పుడు గ్రూప్స్ పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాడు. లెక్క చెప్పమని సంఘంలో గట్టిగా అడిగినవాళ్లలో ఆమె మొదటి మనిషి. గోడ మీది కాగితంలో ఆమె వంద రూపాయల ఎదురుగా ‘ఒక సహోదరి’ అని ఉంది.